తెగినా పనిచేసే వైరు

దుబాయ్‌లో పనికి దిగేదాకా నాకు రింగు వైరింగ్ తెలియదు. జగిత్యాలలో నేర్చుకున్న పని వేరు. కరెంటు పెట్టె డీబీలో, లోడు మించితే పడిపోయే స్విచ్చు ఎంసీబీ నుంచి బయల్దేరిన వైరు ఒక్కో బోర్డునూ తాకుతూ చివరి ప్లగ్గు దగ్గర ఆగిపోతుంది. దాన్ని రేడియల్ అంటారని కూడా అక్కడికి పోయాకే విన్నాను.

దుబాయ్‌ది బ్రిటిష్ పద్ధతి. 2.5 ఎంఎం వైరు సాకెట్లన్నీ చుట్టి మళ్లీ అదే ఎంసీబీకి వస్తుంది. కరెంటు రెండు వైపుల నుంచీ అందుతుంది కాబట్టి ఆ వైరుకే 32 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాగికి కటకటలాడిన బ్రిటన్ వేసుకున్న లెక్క ఇది. దానికి జోడీగా 1947లో ఫ్యూజు ఉన్న ప్లగ్గు తెచ్చారు. ఆ ఫ్యూజు లేకుంటే టేబుల్ లైటు సన్న వైరు కాలిపోతున్నా 32 ఆంపియర్ల ఎంసీబీకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఒక విల్లాలో వంటగది రింగు చూశాను. ఎంసీబీలోకి వచ్చే రెండు ఫేజ్ వైర్లలో ఒకదాని తొడుగు నల్లబడి పెళుసెక్కింది. రెండోది నిన్న లాగినట్టుంది. సాకెట్లన్నీ పనిచేస్తున్నాయి, ఇంటివాళ్లకు ఏ ఫిర్యాదూ లేదు. మెయిన్ ఆపి, ఫేజ్ కొసలు రెండూ విప్పి మీటరు పెడితే ఓపెన్, అంటే మధ్యలో ఎక్కడో తెగింది. న్యూట్రల్ కొసల మధ్య అర ఓము కూడా లేదు. సాకెట్లు ఒక్కోటీ విప్పుకుంటూ పోతే, డిష్‌వాషర్ వెనక స్క్రూ కింద నుంచి ఒక కొస జారి ఉంది. కెటిల్, ఓవెన్, వాషింగ్ మెషీన్ లోడంతా ఒక్క వైరు మీదే పడుతోంది. ఎంసీబీ ఎందుకు పడుతుంది, దాని లెక్క 32 కదా! అదే రేడియల్ అయితే తెగిన చోటు నుంచి అవతలి ప్లగ్గులు చచ్చిపోయేవి, ఇంటివాళ్లే ఫోన్ చేసేవాళ్లు.

రింగుకు గుణం లేదనను. ఎర్త్ కూడా చుట్టి వస్తుంది కనుక ఒకచోట ఊడినా రెండో దారి ఉంటుంది. రేడియల్‌లో ఎర్త్ ఊడితే ఆ అవతల ఎర్త్ లేనట్టే, ఎవరికీ తెలియదు కూడా.

ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన, ఆయనా గల్ఫ్ నుంచి వచ్చినవాడే, "అన్నా, మనింట్ల గూడ దుబాయిల లెక్క రింగేద్దామా?" అన్నాడు. వద్దన్నాను. మన ప్లగ్గుల్లో ఫ్యూజు ఉండదు. పైగా రేపు ఇంకో వైర్‌మన్ వచ్చి మధ్యలో కత్తిరించి కొత్త పాయింటు ఇచ్చిపోతాడు. టెస్టరు వెలిగిందంటే వాడి పని అయిపోయినట్టే. ఏసీలకు, గీజరుకు వేటికవే 4 ఎంఎం వైరుతో విడి లైన్లు లాగాను.

రింగు ఉన్న ఇళ్లలో, గల్ఫ్‌లోనో లండన్‌లోనో ఉంటున్నవాళ్లు మాత్రం ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు సాకెట్లు చూపించి పంపేయకండి. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడింటి కొసలూ విప్పి మీటరు పెట్టమనండి.