కూకుడుగువ్వ వాలిన తీరం

విశాఖపట్నం చూడవచ్చినవారు రేవూ, డాల్ఫిన్స్ నోసూ, కైలాసగిరీ చూసి, సముద్రపు గాలి పీల్చుకుని ఇళ్ళకు పోతారు. ఆ గాలే 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిందంటే ఇప్పటి పసివాళ్ళు నమ్మరు. ఆ తుపాను పేరు హుద్‌హుద్. పెట్టినవారు ఒమాను దేశంవారు. అది మన కూకుడుగువ్వ పేరే సుమా! అంత ముచ్చటైన పిట్ట పేరు ఆ పాడు గాలికి ఎందుకు పెట్టారో! విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. కైలాసగిరి మీద తుపానును కనిపెట్టవలసిన రాడారే తుపానుకు దెబ్బతిన్నది.

పట్నం పాట్లు పత్రికల్లో చదివాం. పల్లెల సంగతి చూద్దామని సెలవుల్లో అచ్యుతాపురం బస్సు ఎక్కాను. గాజువాక, కూర్మన్నపాలెం దాటేటప్పుడు ఎడంచేతి వైపున ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపించాయి. బస్సు దిగి ఆటో మాట్లాడుకుని, తాటిచెట్లూ సరుగుడు తోపులూ దాటి సముద్రం వొడ్డున వొక బెస్తపల్లె చేరాను.

ఊరి చివర స్తంభాల మీద నిలబడి వున్నది తుపాను షెల్టరు. కింద గోడలు లేవు. ఉప్పెన వస్తే నీరు స్తంభాల నడుమనుంచి పోవాలని అలా కట్టారు. పైన గదులు, ఆ పైన డాబా, ముసలివాళ్ళను నడిపించుకుపోయేందుకు వాలుదారి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకున్న తరువాతనే మన తీరాన యిలాంటివి విరివిగా లేచాయి. హుద్‌హుద్ నాడు హెచ్చరిక ముందే అందింది, లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వందలోపే. మరుసటి ఏడు ప్రపంచబ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. షెల్టర్లు, రోడ్లు, పట్నంలో భూమిలోపలి కరెంటు తీగలు ఆ లెక్కలోవే.

షెల్టరు నీడన వొక ముసలామె వల బాగుచేసుకుంటున్నది.

"తుపానొస్తే అందరూ యిక్కడికే వస్తారా అమ్మా?" అని అడిగాను.

"ఒత్తాం బాబూ. ముందర తాళం సెవి ఉన్నోడు కనపడాల గదా!"

ఆమె నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. పైకి వెళ్ళి చూస్తే తాళం తుప్పు పట్టి వున్నది.

రెండు మైళ్ళ అవతల మరో పల్లెలో అచ్చంగా యిలాంటి భవనమే. అక్కడ పైగదుల్లో బడి నడుస్తున్నది. తలుపులు రోజూ తెరుస్తారు. కుళాయి చెడితే సాయంత్రానికల్లా ఎవరో వొకరు చూస్తారు. పెళ్ళిళ్ళకు కూడా అదే పందిరి. ఏ మెట్టు పగిలిందో రెండో తరగతి పిల్లవాడు చెప్పగలడు. నాకు తోచినంతవరకు, రేపు తుపానంటే ఈ రాత్రే జనం ఎక్కగలిగినది ఆ షెల్టరు వొక్కటే.

ఇళ్ళు వదలనివారిని మొండివాళ్ళని మనం తేలికగా అనేస్తాం. వలామె మాట వేరు. "మేకల్ని ఒగ్గేసి ఎలాగొత్తాం బాబూ? అయ్యే గదా మా బేంకు!" కింద స్తంభాల మధ్య కట్టేస్తే మొదట మునిగేవి అవే. అప్పులిచ్చే దొరలకు మేకలు గుర్తుంటాయో లేదో గాని, బడి వున్న పల్లెలో మేష్టారు నన్ను భవనం వెనక్కు తీసుకుపోయి చూపించారు. గొడ్ల కోసం ఊరివాళ్ళే మట్టిదిబ్బ పోస్తున్నారు. ఇంకా మూడడుగులు లేవాలన్నారాయన. మేకలు అప్పుడే ఎక్కి నిలబడ్డాయి.