అక్షరాల ఆట – అర్థాల బాట

పార్వతీపరమేశ్వరులు వాక్కూ అర్థమూ వలె కలిసి ఉన్నారని కాళిదాసు ‘రఘువంశ’ కావ్యారంభంలో సంభావించాడు. అంతటి విడదీయరాని బంధాన్ని కూడా విడదీసి ఆడే ఆట ఒకటి ఉంది. అదే స్క్రాబుల్.

అమెరికాలో ఆర్థికమాంద్యం వల్ల ఉపాధి కోల్పోయిన ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అనే వాస్తుశిల్పి 1930ల తొలినాళ్లలో ఈ ఆటను రూపొందించాడు. వార్తాపత్రికల పుటలలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించి, దానిని బట్టి అక్షరాలకు విలువ కట్టాడు. తరచుగా కనిపించే ‘ఇ’ అక్షరానికి ఒక పాయింటు; అరుదైన ‘క్యూ’, ‘జెడ్’ అక్షరాలకు పదేసి. 225 గడుల బల్లమీద 100 బిళ్లలతో సాగే ఈ ఆటకు 1948లో స్క్రాబుల్ అనే పేరు స్థిరపడింది.

ఇంగ్లీషులో ‘క్యూ’ వెంట ‘యు’ రావడం పరిపాటి. ‘యు’ దొరకని ఆటగాడిని ఆదుకొనేవి అపూర్వపదాలే. ‘క్యూ’, ‘ఐ’ అనే రెండు అక్షరాలతో ఏర్పడే ‘చీ’ అటువంటిది. చైనీయుల భావనలో అది ప్రాణశక్తి. ‘ఖనాత్’ అంటే కొండ పాదం నుండి పొలాలకు నీటిని చేర్చే పారశీకుల భూగర్భ కాలువ. రెండు ‘ఎ’లతో రాసే ‘ఆఆ’ హవాయి దీవులలోని గరుకైన లావా. ‘సి’, ‘డబ్ల్యు’, ‘ఎమ్’ కలిసిన ‘కూమ్’ వేల్స్ భాషలో లోయ. 1921లో జార్జి మాలొరీ ఎవరెస్టు పడమటి లోయకు ఈ మాటతోనే పేరు పెట్టాడు.

అయితే ఈ అర్థాలను ఆట అడగదు. పదం నిఘంటువులో ఉంటే చాలు. న్యూజిలాండుకు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే, ఆ భాషాపదాలను కంఠస్థం చేసి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడు. 2024లో స్పానిష్ భాషలోనూ అదే ఘనత సాధించాడు. ఆ ధారణ అసామాన్యం. తెలుగువారి అవధానానికీ ధారణే ప్రాణం. కాని నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా అక్షరాలను నిషేధిస్తున్నా, అవధాని అర్థవంతమైన పద్యమే చెప్పాలి. అర్థం చెడితే అక్షరాలు కుదిరినా ఫలం లేదు.

నియమం కోరనిదానిని ఆటగాడు విడిచిపెడితే తప్పు పట్టలేము. కాని విడిచిపెట్టినది ఏమిటో తెలుసుకోవడం మంచిది. ఇంగ్లీషు నిఘంటువులో ‘బాండికూట్’ అనే మాట ఉంది. అది మన ‘పందికొక్కు’. ఏ దూరదేశంలోనో ఒక ఆటగాడు బల్లమీది అక్షరాలకు తన బిళ్లలను చేర్చి ఆ పదాన్ని పూర్తిచేయవచ్చు. అతనికి దక్కేది పాయింట్లు మాత్రమే. గాదెలను తొలిచే ఆ జంతువు గాని, ధాన్యాన్ని కాపాడుకోవడానికి తెలుగు రైతు పడిన పాట్లు గాని అతని కంటికి కనిపించవు. పారశీక కర్షకుని ‘ఖనాత్’ను బిళ్లల వరుసగా మాత్రమే చూసినప్పుడు మన స్థితీ అదే.

నిఘంటువులో అపరిచిత పదం ఎదురైనప్పుడు దాని పక్కనున్న అర్థాన్ని చదవడానికి పట్టేది ఒక్క క్షణం. ఆ క్షణంలో ఒక జాతి నీటిని ఎలా తెచ్చుకొన్నదో, ఏ నేలమీద నడిచినదో తెలుస్తుంది. ఆట ముగిశాక బిళ్లలు సంచిలోకి చేరుతాయి; తెలుసుకొన్న అర్థం మాత్రం మనిషి వెంట నిలుస్తుంది.