వెనక నిలబడి పాడినవాళ్లు

'పడోసన్' పేరు చెబితే మా టీమ్‌లో హిందీ వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. పాట రాని కుర్రాడు కిటికీ దగ్గర నిలబడి పెదాలు కదుపుతుంటాడు. వెనక దాక్కున్న స్నేహితుడు పాడుతుంటాడు. పక్కింటి అమ్మాయి ఆ పాటకు మురిసిపోతుంది. 1968లో వచ్చిన ఈ సినిమా కథ మన తెలుగులో అంతకు పదిహేనేళ్ల ముందే వచ్చిందని మొన్న లంచ్‌లో చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఫోన్ తీసి చూపించాల్సి వచ్చింది.

ఆ సినిమా 1953 నాటి 'పక్కింటి అమ్మాయి'. కథ బెంగాలీ వాళ్లది. అంతకు ముందే అక్కడ 'పాషేర్ బాడి'గా వచ్చింది. తెలుగులో పాట రాని కుర్రాడు రేలంగి, అమ్మాయి అంజలీదేవి. వెనక పాడే స్నేహితుడి వేషం వేసింది నిజంగానే గాయకుడైన ఏ.ఎం. రాజా. 1981లో చంద్రమోహన్, జయసుధ, ఎస్పీ బాలులతో మళ్లీ తీశారు. మొదటిది తీసిన దర్శకుడు సి. పుల్లయ్య, అంటే చిత్తజల్లు పుల్లయ్య.

ఈ సినిమాలో నాకు నచ్చే తమాషా ఒకటుంది. సినిమా హీరోలు చాలామంది చేసేదీ ఇదే కదా! పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. మామూలుగా ఆ గుట్టు మనకు కనపడనివ్వరు. ఇక్కడ గొంతు ఇచ్చేవాడిని కూడా తెర మీదకు తెచ్చి, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి నవ్వించారు. మా భాషలో చెప్పాలంటే రేలంగి ఫ్రంటెండ్, రాజా బ్యాకెండ్. మనం ఇవాళ రీల్స్‌లో చేస్తున్న లిప్ సింక్ కామెడీకి ఈయన తాతగారన్న మాట.

అసలు తాతయ్య సంగతి కూడా చెప్పాలి. మా తాతయ్య చిలకలూరిపేటలో పత్తి మిల్లు గుమాస్తా. పగలు బేళ్ల లెక్కలు, రాత్రి నాటకాలు. కానీ ఎన్నడూ ముఖానికి రంగు పూసుకోలేదు. ఆయన ప్రాంప్టర్. పుస్తకం పట్టుకుని తెర పక్కన నిలబడి, నటుడు మరిచిపోయిన మాటను గుసగుసగా అందించే మనిషి. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభల దగ్గర తెల్లవార్లూ నాటకాలాడితే, తెల్లవార్లూ నిలబడేది ఆయనే. ఒకసారి బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో, కాటిసీను మంచి రసపట్టులో ఉండగా తాతయ్యకు దగ్గొచ్చిందట. ఆయన మాట మీదే నమ్మకం పెట్టుకున్న హరిశ్చంద్రుడు పద్యం మధ్యలో తనూ దగ్గాడట! ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నా నవ్వొస్తుంది.

ఆ బలిజేపల్లి వారు 1939లో 'వరవిక్రయం' సినిమాలో నటించారు. కట్నాల మీద కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం అది. దాన్ని సినిమాగా తీసింది మళ్లీ పుల్లయ్యగారే. భానుమతికి అదే మొదటి సినిమా. 1947లో 'గొల్లభామ'తో అంజలీదేవిని హీరోయిన్‌ని చేసిందీ ఆయనే.

పుల్లయ్యది కాకినాడ. 1898లో పుట్టారు. మద్రాసులో రఘుపతి ప్రకాష్ దగ్గర పని నేర్చుకుని, ఊరికి తిరిగొచ్చి 'మార్కండేయ' అనే చిన్న మూకీ తీశారు. టాకీలు వచ్చాక కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి 1933లో 'సావిత్రి', 1934లో 'లవకుశ' తీశారు. లవకుశ చూడటానికి జనం బళ్లు కట్టుకుని వచ్చారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. దాంతో ఆయన మీద పౌరాణికాల దర్శకుడనే ముద్ర పడిపోయింది. ఇప్పటికీ ఆయన పేరు చెబితే ముందు లవకుశే గుర్తొస్తుంది. నవ్వించిన సినిమాలు లెక్కలోకి రావు.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. రేలంగిని 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో సినిమాల్లోకి తెచ్చింది పుల్లయ్య. తర్వాత ఏళ్లపాటు రేలంగి ఆయన దగ్గరే చిన్న వేషాలు వేస్తూ, తెర వెనక పనులు చూసుకుంటూ గడిపారు. అన్నాళ్లు వెనక ఉన్న మనిషిని ముందుకు తెచ్చి, వెనకవాడి గొంతుతో బతికే పాత్ర ఇచ్చిన సినిమా 'పక్కింటి అమ్మాయి'. ఆ రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది. 1960లో 'దేవాంతకుడు' తీసి, ఎన్టీఆర్‌ని యమలోకంలోకి తోసి అక్కడి లెక్కలన్నీ తలకిందులు చేయించారు పుల్లయ్య. 'యమగోల', 'యమదొంగ' చూసి నవ్విన మనమంతా ఆ దారిలో వచ్చినవాళ్లమే. 1966లో 'పరమానందయ్య శిష్యుల కథ' తీసేనాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

నవ్వించడాన్ని మనం పనిగా ఎంచం. కష్టం కనపడదు కాబట్టి లేదనుకుంటాం. వెనకుండి చేసే ఏ పనికైనా ఇదే గతి. నేను ఆరు నెలలు కూర్చుని రాసిన మాడ్యూల్‌ని గతేడాది ఇంకొకాయన డెమో ఇచ్చారు. చప్పట్లు బాగానే పడ్డాయి, నా పేరు మాత్రం ఎక్కడా వినపడలేదు. ఆ రాత్రి కోపం కంటే ఎక్కువగా తాతయ్య గుర్తొచ్చారు. ముప్పై ఏళ్లు అలా నిలబడి ఒక్కరోజూ విసుక్కోలేదు ఆయన.

తాతయ్య పోయి రెండేళ్లయింది. స్టేజీ మీద ఉన్న ఫొటో ఒక్కటి కూడా దొరకలేదు. స్టేజీ మీద ఉంటే కదా! ట్రంకు పెట్టెలో నాటకాల కరపత్రాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. వాటిలో హార్మోనిస్టు పేరుంది, మేకప్ ఆయన పేరుంది, మైకు సెట్టు వాళ్ల పేరు కూడా ఉంది. ప్రాంప్టర్ పేరు లేదు.

1963 నాటి రంగుల 'లవకుశ' సంగతి చూడండి. పుల్లయ్య మొదలుపెట్టారు. మధ్యలో ఆగిపోయిన ఆ సినిమాను, తర్వాత ఆయన ఆరోగ్యం బాగోక, కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. దర్శకులుగా ఇద్దరి పేర్లూ నిలిచాయి. పేరు పంచుకున్నందువల్ల ఎవరికీ ఏమీ తగ్గలేదు.

అందుకే మొన్న సంక్రాంతికి పేట వెళ్లినప్పుడు ఆ కరపత్రాలన్నీ స్కాన్ చేశాను. మైకు సెట్టు వాళ్ల కింద ఒక లైను పెంచి, 'ప్రాంప్టర్' అని తాతయ్య పేరు టైప్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అత్తయ్యలు దండం బొమ్మలు పెట్టారు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి పదకొండింటికి ఒక్క మెసేజ్ వచ్చింది.

"దగ్గు సంగతి కూడా రాయరా."