మీట – మాట

మనిషి తన మనసులోని ఉద్దేశాన్ని ఎదుటివారికి చేరవేయడానికి కల్పించుకొన్న సాధనాలలో మాట ప్రధానమైనది. ఆ మాటకు అర్థం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను మన పూర్వులు లోతుగా చర్చించారు. శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమని మీమాంసకులు వాదించారు. అది సంకేతం వలన, అనగా ఒక ఒప్పందం వలన ఏర్పడిందని నైయాయికులు ప్రతివాదం చేశారు. ఏళ్ల తరబడి తరగతి గదిలో ఈ వాదాన్ని పాఠంగా చెబుతున్న నాకు, ఇంట్లోని ఒక పాత రిమోట్ దానిని అనుభవంలోకి తెచ్చింది.

మా అమ్మగారికి ఎనభై రెండేళ్లు. పద్యనాటకాలన్నా, పాత పౌరాణిక చిత్రాలన్నా ఆమెకు ప్రాణం. ఇంట్లో పోగైన రికార్డింగులన్నింటినీ ఒక చిన్న కంప్యూటరులో చేర్చి, దానిని టెలివిజన్‌కు కలిపాము. అరచేతిలో ఇమిడే ఆ కంప్యూటరు పేరు రాస్ప్‌బెర్రీ పై. అందులో కోడి అనే సాఫ్ట్‌వేర్ నాటకాలనూ చిత్రాలనూ జాబితాగా తెరపై చూపుతుంది. అయితే దానిని నడపడానికి మౌస్ పట్టాలి. వణికే వేళ్లకు మౌస్ లొంగదు. నచ్చిన పద్యం మళ్లీ వినాలనిపించినప్పుడల్లా "అమ్మాయీ, కాస్త వెనక్కి జరుపుతావా?" అని పిలిచేవారు. కొన్నాళ్లకు ఆ పిలుపు ఆగిపోయింది. పద్యం మీద మక్కువ తగ్గి కాదు. పదే పదే అడగడానికి ఆమె అభిమానం ఒప్పుకోలేదు. ఒకరిని అడగకుండా తన పని తాను చేసుకోగలగడం ఎంత పెద్ద సంపదో అది చేజారేటప్పుడే తెలుస్తుంది.

ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలి కుమారుడు సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. "పాత డి.వి.డి. ప్లేయరు రిమోట్ ఏమైనా ఉందా, పెద్దమ్మా?" అన్నాడు. ప్లేయరు ఏనాడో మూలపడింది. రిమోట్ మాత్రం బీరువాలో భద్రంగా ఉంది. అతడు బజారు నుంచి మూడు కాళ్లున్న చిన్న పరారుణ గ్రాహకాన్ని తెచ్చాడు. ఒక కాలును విద్యుత్ సరఫరాకు, ఒకదానిని గ్రౌండుకు, మూడవదానిని కంప్యూటరులో సంకేతాలను స్వీకరించే పిన్నుకు కలిపాడు.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా ప్రసరింపజేసి, ఎరుపు రంగుకు ఆవల, కంటికేమీ కనిపించని చోట ఉష్ణమాపకాన్ని ఉంచగా అక్కడ కూడా వేడి పెరిగింది. రిమోట్ మాట్లాడేది ఆ పరారుణ కాంతితోనే. ఎండలోనూ కొన్ని దీపాల వెలుగులోనూ ఆ కాంతి ఉంటుంది. వాటిలో తన మాట కలిసిపోకుండా రిమోట్ తన కాంతిని సెకనుకు సుమారు 38,000 సార్లు మినుకుమనిపిస్తుంది. గ్రాహకం ఆ మినుకును మాత్రమే పట్టించుకొంటుంది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచింది ఆ మాటలోని ఛందస్సు. మా రిమోట్ అనుసరించే పద్ధతిని ఎన్.ఇ.సి. పద్ధతి అంటారు. దాని మూలరూపంలో మొదట 9 మిల్లీసెకన్ల వెలుగు, ఆపై 4.5 మిల్లీసెకన్ల మౌనం ఉంటాయి. ఇది నాంది వంటిది. పిదప 32 అక్షరాలు వస్తాయి. కంప్యూటరు పరిభాషలో వీటిని బిట్లు అంటారు. సున్నకు పట్టే కాలం 1.125 మిల్లీసెకన్లు, ఒకటికి సరిగ్గా రెండింతలు, 2.25 మిల్లీసెకన్లు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని చదువుకొన్న మనకు ఈ లెక్క కొత్తది కాదు. రిమోట్ మొదట పరికరం చిరునామాను 8 అక్షరాలలో చెబుతుంది. వెంటనే సున్నలను ఒకట్లుగా, ఒకట్లను సున్నలుగా మార్చి మళ్లీ చెబుతుంది. మీట సంఖ్యనూ అలాగే రెండుసార్లు చెబుతుంది. ఆ రెండూ పొసగకపోతే పలుకు చెల్లదు. వేదంలో ఒక్క అక్షరమైనా చెడకుండా పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించే జటాపాఠాన్ని, ఘనపాఠాన్ని ఏర్పరచినవారి జాగ్రత్త కూడా ఇటువంటిదే. ఈ ఏర్పాటు వలన ఏ మీట నొక్కినా 16 లఘువులు, 16 గురువులు, వెరసి 48 మాత్రలు!

ఇంత నియమంగా రిమోట్ పంపేది సంఖ్యలను మాత్రమే. 'ఆపు', 'నడుపు' అన్న మాటలు అందులో లేవు. మీట నొక్కినప్పుడల్లా దాని సంఖ్య తెరపై కనిపించే ఏర్పాటు లైనక్స్‌లో ఉంది. ఆ సంఖ్యకు ఎదురుగా పట్టికలో ఏ పని పేరు రాస్తే అదే దాని అర్థం. రిమోట్ విషయంలో నైయాయికులదే గెలుపు.

పట్టిక రాసేటప్పుడు అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకొన్నాము. జాబితాలో పైకి, కిందికి, ఎంపిక, నిలిపి నడపడం, చాలించడం, ధ్వని పెంపు, తగ్గింపు, పది సెకన్లు వెనక్కి – ఈ ఎనిమిది చాలునన్నారు. మిగిలిన మీటలకు ఏ అర్థమూ ఇవ్వలేదు. చేయి తగిలినా అవి మౌనంగా ఉంటాయి. వెనక్కి జరపడానికి ఎర్ర మీట కావాలన్నారు. మసకబారిన ఆమె చూపుకు ఆనేది అదొక్కటే.

"ఎర్రది ఆపేయడానికి, అమ్మమ్మా! రిమోట్లలో అదే వాడుక" అన్నాడు మనవడు.

"అది చేసినవాడి ఒప్పందంరా, నాది కాదుగా!" అన్నారామె.

మరొక చిక్కు ఎదురైంది. ఆమె వేలు మీట మీద నుంచి త్వరగా లేవదు. అరసెకను దాటితే కంప్యూటరు దానిని మరొక నొక్కుగా లెక్కిస్తుంది. ఆ గడువును 500 మిల్లీసెకన్ల నుంచి 1000కి పెంచడంతో చిక్కు తీరింది. ఆమె వేలు వేగం పెంచుకోనవసరం లేకపోయింది. యంత్రమే ఆగడం నేర్చుకొంది.

ఈ పనికంతటికీ పట్టింది ఒక సాయంత్రం. ఇప్పుడు పక్క గదిలో ఒకే పద్యం మూడుసార్లు, నాలుగుసార్లు వినిపిస్తూ ఉంటుంది, నన్నెవరూ పిలవరు.

పెద్దలు కొత్త యంత్రాలను నేర్చుకోలేరని మనం తేలికగా అంటూ ఉంటాము. మీ ఇంటిలో తాతగారో నాయనమ్మగారో ఒక పరికరాన్ని పక్కన పెట్టేస్తే, అది ఎలా వాడాలో మరొకసారి చెప్పడానికి ముందు, ఏ మీట వారి కంటికి ఆనుతుందో, దానితో ఏ పని చేయించుకోవాలని ఉందో అడగండి. ఒప్పందంలో వారి మాట కూడా ఉండాలి.