ధరణికోట గోడ పక్కనే రేవు ఉండేదట!

బళ్లారి సత్యనారాయణపేటలో ఉండేవాళ్లకి కోటంటే కొండమీద కోటే. పైకోట హనుమప్ప నాయకుడిది, కిందికోట హైదరాలీ కట్టించింది. ఇంకా పాతకాలపు ప్రాకారాలంటే నా మనసు నేరుగా బైబిల్లోకి వెళ్లిపోయేది. యెరికో, లాకీషు, యెరూషలేము. క్రీస్తు పుట్టకముందే మన తెలుగునేల మీద కూడా చుట్టూ గోడ కట్టుకుని బతికిన పట్నాలున్నాయని ఇప్పుడే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి కనబడినవాళ్లందరికీ చెబుతున్నాను, మీకూ చెప్పాలి!

దాని పేరు ధరణికోట. పల్నాడు జిల్లాలో అమరావతి పక్కనే, కృష్ణ ఒడ్డున ఉంది. శాతవాహనుల నాటి ధాన్యకటకం ఇదే. అమరావతి స్తూపం పేరు విననివాళ్లు లేరు. దాని చెక్కడపు పలకల్ని చెన్నైలోనో లండన్‌లోనో చూసి మురిసిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ స్తూపాన్ని పోషించిన ఊరు మాత్రం మట్టికట్ట మాటున ఉండిపోయింది.

1962-65 మధ్య కేంద్ర పురావస్తు శాఖవాళ్లు అక్కడ తవ్వారు. గోడ బయటపడింది. గోడతోపాటు ఏం దొరికిందో తెలుసా? కృష్ణ నుంచి పడవలు రావడానికి తవ్విన కాలువ, సరుకు దించుకునే రేవు! ఆ రేవును మొదట కర్ర గుంజలు పాతి కట్టారు, తర్వాత ఇటుకతో కట్టారు. శత్రువుకి తలుపు మూసి వర్తకుడికి తెరిచిన పట్నమన్నమాట! చివరికి ఒండ్రు మేట వేసి ఆ కాలువ పూడిపోయింది.

అక్కడ దొరికిన పెంకుల్లో ఒక రకం పళ్లేలవి. పల్చటి నున్నటి మట్టిపళ్లెం, లోపల అడుగున చిన్న చిన్న నొక్కులతో వలయం లోపల వలయం. ఇలాంటివే పుదుచ్చేరి దగ్గర అరికమేడులోనూ దొరికాయి. ఇక రోముతో వర్తకానికి ఆనవాలుగా నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలోనైతే రోము చక్రవర్తి తిబెరి వెండి దేనారాలే బయటపడ్డాయి. పన్ను గురించి అడిగినవాళ్లు యేసుకు చూపించిన నాణెం ఆ తిబెరిదే అంటారు. సువార్తలో చదివిన నాణెం మన నేలలో! నాకు ఒళ్లు పులకరించింది.

అదే క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రుల గురించి రాశాడు: ప్రాకారాలున్న 30 పట్నాలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు.

మన బళ్లారికి దీంతో ఏం సంబంధమంటారా? అదే నన్ను కుర్చీలోంచి లేపింది. పల్లవరాజు శివస్కందవర్మ యువరాజుగా ఉండగా వేయించిన మైదవోలు రాగిశాసనం ధాన్యకటకంలోని అధికారికి పంపిన ఆజ్ఞ. అదే శివస్కందవర్మ రాజయ్యాక వేయించిన మరో రాగిశాసనం హిరేహడగలిలో దొరికింది. మొన్నమొన్నటిదాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఊరు! శాతవాహనుల పేరు మీదుగా మన ప్రాంతాన్ని అందులో సాతాహని రట్టం అన్నారు. కృష్ణ ఒడ్డున కోట, మన తుంగభద్ర సీమ, రెండూ ఒకే రాజు మాట విన్నాయి.

తెలంగాణలో ధూళికట్ట ఉంది. మన తుంగభద్ర ఒడ్డునే సాతానికోట ఉంది. అవీ శాతవాహనుల నాటి కోటలే. అమరావతి వెళ్తే స్తూపం చూసి వెనక్కి రాకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని ధరణికోట కట్టదాకా నడవండి. యెరికో గోడల కథ వచ్చిన ప్రతి తెలుగు బిడ్డకీ ఈ గోడ కథ కూడా రావాలి.