సీసాలో సబూత్

మా భాయిజాన్‌ది పాత టాటా 207. ఫజర్ కాగానే గుడిమల్కాపూర్ మార్కెట్లో కూరగాయలు ఎక్కించి హైటెక్ సిటీలో రెండు క్యాంటీన్లకు దించి వస్తాడు. ఇంట్లో ఆరుగురి రోజీ ఆ బండి మీదే.

వానాకాలంలో దానికో బీమారీ పట్టుకుంది. ఖాళీగా బాగానే నడుస్తుంది. లోడుతో షేక్‌పేట్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే దమ్ తగ్గి, ఝట్కాలిచ్చి ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ స్టార్ట్. వారంలో మూడుసార్లు సరుకు లేటు. ఇంకోసారైతే వేరేవాళ్లను చూసుకుంటామన్నాడు క్యాంటీన్ మేనేజర్.

"బంకులో నీళ్లు కలుపుతున్నారు. నువ్వు అఖ్బార్‌వాడివి కదా, రాయి" అన్నాడు భాయిజాన్. నేనూ గుస్సాతో బంకు పేరు పెట్టి వాట్సాప్‌లో నాలుగు లైన్లు టైపు చేశాను. పంపేముందు రాయదుర్గంలో మిస్త్రీ మామూ షెడ్డుకు వెళ్లాం.

"ఇల్జామ్ బాద్ మే మియాఁ, పహ్లే సబూత్" అన్నాడాయన.

ముందు ట్యాంకు పైపు విప్పి, క్యాన్‌లోని శుభ్రమైన డీజిల్‌తో ఇంజిన్ నడిపాడు. ఎంత రేస్ ఇచ్చినా ఆగలేదు. అంటే పంపు, నాజిళ్లు సలామత్. ఐబ్ ట్యాంకు వైపే ఉంది. ఫిల్టర్ విప్పితే జిగురు పట్టి నల్లగా ఉంది. తర్వాత ట్యాంకు అడుగు ప్లగ్ వదులు చేసి గాజు సీసాలోకి పట్టాడు. పావుగంట కదపలేదు. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున వేలెడు నీళ్లు తేలాయి. వాటి మీద నల్లటి జిడ్డు, అడుగున తుప్పు. బంకు నుంచి ఇంకో సీసాలో తెచ్చిన డీజిల్ సాఫ్‌గా ఉంది.

"బంకు ఇవాళ సాఫ్‌గా ఉంటే నిన్న కూడా ఉన్నట్టేనా?" అన్నాను.

"ఈ తుప్పు, ఈ జిడ్డు నిన్నటివి కావు బేటా. నెలల కమాయి."

మూత తీసి చూపించాడు. రబ్బరు వాషర్ చిరిగిపోయి ఉంది. బండి రాత్రంతా వానలోనే. పైగా భాయిజాన్ రోజుకు ఐదొందల డీజిలే పోయిస్తాడు. ట్యాంకు ఎప్పుడూ దాదాపు ఖాళీ. రాత్రి చల్లబడితే లోపలి గాలిలోని తేమ రేకుకు చుక్కలు కట్టి అడుక్కి జారుతుంది. ఫుల్ ట్యాంకులో ఆ గాలికి జాగా ఉండదు.

భాయిజాన్ తల దించుకున్నాడు. ఫుల్ ట్యాంకుకు డబ్బులుంటే ఐదొందలెందుకు పోయిస్తాడు?

ఉర్దూ మీడియంలో తహ్‌ఖీక్ అని నేర్చుకున్నాను. తెలుగు డిగ్రీలో దాన్నే విచారణ అన్నారు. రెండు జబాన్లలో తెలిసిన మాటే, ఆ రోజు ఒక్కదానిలోనూ గుర్తు రాలేదు. ఆ నాలుగు లైన్లు వెళ్లుంటే, రాత్రి డ్యూటీలో డీజిల్ పోసే ఏ పిల్లవాడి నౌకరీ పోయేదో.

ట్యాంకు దించి కడిగాం. కొత్త ఫిల్టర్, కొత్త వాషర్ వేయించాం. మొదటి ఫుల్ ట్యాంకు నేను పోయించాను. ఇప్పుడు ప్రతి జుమ్మా పొద్దున భాయిజాన్ ఫిల్టర్ కింది ప్లగ్ వదులు చేసి సీసాలో పట్టి చూస్తాడు. సాఫ్‌గా ఉంటే నాకు ఫోటో పంపిస్తాడు.