పరీక్షల వేళకే తాబేళ్లు

తెనాలిలోని ఆ ఇంట్లో తాబేళ్ల గొడవ కార్తీకమాసంలో మొదలైంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లను చూడాలని పాప కోరిక. వనభోజనాలకని బాపట్ల వెళ్లినప్పుడు సూర్యలంక తీరమంతా తిరిగారు. జనం తప్ప తాబేలు జాడే లేదు. సంక్రాంతికి రేపల్లె అమ్మమ్మగారింటికి వచ్చి, అక్కడి నుంచి మళ్లీ వెళ్తే, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద తాబేలు కనిపించింది. వలల్లో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతాయవి. పాప ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఎక్కువగా జనవరి-మార్చి మధ్య తల్లి తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెడతాయి. టార్చిలైటు పడితే బెదిరి, పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతాయి. అందుకే వాటి జోలికి పోకుండా పిల్లల్ని చూడటమే మేలు. 45 నుంచి 60 రోజులకు గుడ్లు పగులుతాయి. అటవీశాఖ వాళ్లు కాపాడిన గుడ్లలోంచి వచ్చిన బుల్లి తాబేళ్లను మార్చి, ఏప్రిల్ నెలల్లో సముద్రంలోకి వదులుతారు.

సరిగ్గా అప్పుడే వార్షిక పరీక్షలు!

‘వేసవి సెలవుల్లో వెళదాంలే’ అన్నాడు నాన్న.

‘అప్పటికి అవి వెళ్లిపోతాయిగా నాన్నా’ అంది పాప.

ఆయన క్యాలెండరు తీశాడు. రెండు పరీక్షల నడుమ ఓ ఆదివారం ఉంది.